ద్వారపాలకుడే దారి ఇవ్వనప్పుడు: నెట్‌వర్క్ ప్రవేశ సర్వరులో నిర్వాహకుని లాగిన్ చిక్కులు

కాజీపల్లి అనగానే సంగారెడ్డి జిల్లా వారికి మొదట స్ఫురించేవి మందుల కర్మాగారాలు. వాటి వెంటనే స్ఫురించేవి పొగగొట్టాలు, రంగు మారిన చెరువులు. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి, పాశమైలారం వంటి గ్రామాల పేర్లు పారిశ్రామిక వాడల పేర్లుగా మారి దశాబ్దాలు గడిచినవి. ఈ ప్రాంతపు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం గురించి చాలామంది వినియే ఉన్నారు. అయితే ఆ ప్రహరీ గోడల లోపల గొట్టాలతో పాటు మరొక జాలం కూడా అల్లుకొని ఉన్నదనే సంగతి అంతగా ప్రచారంలో లేదు. అది కంప్యూటర్ తీగల జాలం. లారీ తూకపు యంత్రం, ప్రయోగశాలలోని క్రొమటోగ్రఫీ పరికరం, గేటు వద్ద హాజరు వేసే యంత్రం, గుమాస్తాల బల్లలపై కంప్యూటర్లు మొదలైనవన్నీ స్విచ్చులనే చిన్న పెట్టెల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటూ ఉంటాయి.

మన కళాశాలల నుండి డిప్లొమా గాని, కంప్యూటర్ శాస్త్రంలో పట్టా గాని పొందిన యువకులలో పలువురు ఈ వాడలలోనే కొలువులలో చేరుతున్నారు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న అట్టి యువకునికి ఏదో ఒక రోజు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. నెట్‌వర్క్‌లోనికి ఎవరిని రానీయవలెనో, ఎవరిని రానీయకూడదో నిర్ణయించే సర్వరు, తన యజమానియైన నిర్వాహకునినే లోపలికి రానీయదు. పేరు వ్రాసి, పాస్‌వర్డు కొట్టగా, మర్యాదగా నిరాకరిస్తుంది. ఆ క్షణంలో ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనేదే ఈ వ్యాస విషయం.

ముందుగా ఈ సర్వరు చేసే పని ఏమిటో తెలిసికొనవలెను. కళాశాల ద్వారం వద్ద నిలబడిన దర్బాను మూడు పనులు చేస్తాడు. వచ్చిన వాని గుర్తింపు కార్డు చూస్తాడు. అతడు గ్రంథాలయానికి పోవచ్చునా, ప్రిన్సిపాలు గదికి పోవచ్చునా అని విచారిస్తాడు. వచ్చిన వేళను, పోయిన వేళను పుస్తకంలో వ్రాస్తాడు. గుర్తింపు, అనుమతి, నమోదు అనే ఈ మూడు పనులనే నెట్‌వర్క్‌లో ప్రవేశ సర్వరు నిర్వహిస్తుంది. తీగ కొనను గోడలోని రంధ్రానికి తగిలించగానే స్విచ్చి ఆ కంప్యూటరును లోపలికి పంపదు. ముందు సర్వరును అడుగుతుంది. ఈ అడగటానికి ఏర్పడిన ప్రమాణం 2001లో వెలువడిన 802.1ఎక్స్. సర్వరుతో మాట్లాడే భాషలు ప్రధానంగా రెండు. మొదటిది 1991లో లివింగ్‌స్టన్ అనే అమెరికన్ సంస్థ రూపొందించిన రేడియస్. రెండవది 1984 నాటి టాకాక్స్ నుండి పెరిగి, సిస్కో వారి చేతిలో 1993 ప్రాంతంలో కొత్త రూపం దాల్చిన టాకాక్స్ ప్లస్. సాధారణ వినియోగదారుల ప్రవేశానికి రేడియస్‌ను, స్విచ్చులను సరిదిద్దే సాంకేతికుల ప్రవేశానికి టాకాక్స్ ప్లస్‌ను వాడటం పరిపాటి. సిస్కో వారి ఏసీఎస్ విక్రయం 2017లో నిలిచిపోగా, 2011లో వచ్చిన ఐఎస్ఈ దాని స్థానాన్ని ఆక్రమించినది. అరూబా వారి క్లియర్‌పాస్, ఉచితంగా లభించే ఫ్రీరేడియస్, దానిపై నిర్మించిన ప్యాకెట్‌ఫెన్స్ కూడా ఈ కోవకు చెందినవే. ఏ సంస్థ సర్వరు అయినా చిక్కుల స్వభావం ఒక్కటే గనుక, పేర్లతో మనకు ఎక్కువ పని లేదు.

ఇక్కడ ఒక ఊరట కలిగించే సంగతి చెప్పవలసి ఉన్నది. నిర్వాహకుని పుట తెరుచుకోనంత మాత్రాన సర్వరు పని మానివేసినట్లు కాదు. నిర్వాహకుడు కూర్చునే గది వేరు, దర్బాను నిలబడే చోటు వేరు. పుట నిరాకరిస్తున్నప్పటికీ లోపల గుర్తింపు సేవ యథావిధిగా సాగుతూ ఉండవచ్చును. ఇదివరకే లోపల ఉన్నవారు అట్లే ఉంటారు, కొత్తవారిని సర్వరు రానిస్తూనే ఉంటుంది. కనుక తొందరపడి సర్వరు విద్యుత్తును ఆపి మళ్ళీ ఇవ్వటం సరి కాదు. గడువు మీరిన పాస్‌వర్డు, తాళం పడిన ఖాతా పునఃప్రారంభంతో బాగుపడేవి కావు. పైగా ఇట్టి సర్వరు మళ్ళీ నిలదొక్కుకొనటానికి చాలా నిమిషాలు పడుతుంది. డిస్కు నిండిపోవటమో, ధ్రువపత్రం చెడిపోవటమో అసలు కారణమైతే అది తిరిగి లేవకనే పోవచ్చును. అప్పుడు రాత్రి ఒక్క మనిషికి కలిగిన ఇబ్బంది, తెల్లవారి షిఫ్టుకు వచ్చే వందల మందికి ఇబ్బందిగా మారుతుంది. ఈ పరికరాల విషయంలో జరిగే నష్టంలో అధిక భాగం మొదటి లోపం వలన గాక, దానికి తొందరలో చేసిన చికిత్స వలననే కలుగుతున్నదని నా అభిప్రాయం.

అందుచేత మొదట వేసుకొనవలసిన ప్రశ్న: నేను ఏ తలుపు ముందు నిలబడి ఉన్నాను? బ్రౌజరులో తెరుచుకొనే పరిపాలన పుట ఒక తలుపు. ఆ సర్వరు యంత్రంపైనే నల్లని తెర మీద ఆజ్ఞలు వ్రాసే కమాండ్ లైను రెండవ తలుపు. స్విచ్చిలోనికి పోవటానికి సర్వరు అనుమతి కోరే ద్వారం మూడవది. మూడింటిలోనూ పేరు ‘అడ్మిన్’ అనే ఉండవచ్చును, కాని మనుషులు వేరు. ఉదాహరణకు ఐఎస్ఈలో స్థాపన సమయంలో ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పుటకూ, కమాండ్ లైనుకూ లభిస్తాయి. ఆ రోజు దాటిన తరువాత వాటి దారులు వేరగును. ఒకచోట పాస్‌వర్డు మారిస్తే రెండవచోట మారదు. రెండు సంవత్సరాల క్రితం పుటలో మార్చిన పాస్‌వర్డును నల్లతెరపై కొట్టి, సర్వరు చెడిపోయినదని ఫిర్యాదు చేసేవారు తక్కువేమీ కాదు. ఇద్దరు సోదరులకు ఒకే పేరు పెట్టిన ఇంటిలో ఉత్తరం ఎవరికి వచ్చినదో తెలియని స్థితి వంటిదిది.

రెండవ ప్రశ్న: తలుపు ఏమంటున్నది? ‘పేరు గాని, పాస్‌వర్డు గాని సరి కాదు’ అనటం ఒకటి. పుట అసలు తెరుచుకోకపోవటం మరొకటి. పాస్‌వర్డు అంగీకరించిన తరువాత ‘నీకు ఇచ్చట అధికారం లేదు’ అనటం ఇంకొకటి. మొదటిది గుర్తింపు లోపం, రెండవది మార్గ లోపం, మూడవది అనుమతి లోపం. వైద్యుడు జ్వరాన్ని, దగ్గును, తలనొప్పిని వేరువేరుగా అడిగినట్లు వీటిని వేరు చేయకుండా చికిత్సకు దిగరాదు. తెరపై వచ్చిన వాక్యాన్ని ఒక కాగితంపై అక్షరం పోకుండా వ్రాసుకొని, పక్కన గడియారపు వేళను వేసుకొనటం మంచి అలవాటు. ఆ వేళ ఆధారంగానే తరువాత సర్వరు రోజ్‌నామ్‌చాలో సరియైన పంక్తిని వెదకగలుగుతాము. పోలీసు ఠాణాలో రోజ్‌నామ్‌చా వ్రాసినట్లు సర్వరు కూడా ప్రతి ప్రయత్నాన్ని, దాని ఫలితాన్ని, తరచు దాని కారణాన్ని కూడా వ్రాసుకొంటుంది. తెరపై కావాలనే క్లుప్తంగా చెప్పి, లోపలి పుస్తకంలో వివరంగా వ్రాస్తుంది. దొంగకు తెరపై ఎక్కువ సమాచారం ఇవ్వరాదనేది అందులోని ఉద్దేశం.

పుట తెరుచుకోని సందర్భాన్ని త్వరగా ముగించవచ్చును. సర్వరుకు దారి ఉన్నదా, దాని వెబ్ సేవ నడుస్తున్నదా, డిస్కులో చోటు ఉన్నదా అని కమాండ్ లైను నుండి చూడవలెను. ఇటీవలనే పునఃప్రారంభించి ఉంటే సేవలు ఇంకా లేస్తూ ఉండవచ్చును, ఓపిక పట్టవలెను. ఇక్కడ ఒక విచిత్రమైన కారణం కూడా ఉన్నది. ఫలానా చిరునామాల నుండి మాత్రమే నిర్వాహకులు రావలెనని సర్వరులో నిబంధన పెట్టవచ్చును. జాగ్రత్తపరుడైన ఒక నిర్వాహకుడు ఆ నిబంధన వ్రాస్తూ తన సొంత గది చిరునామాను చేర్చటం మరచిపోతే, ‘భద్రపరచు’ అనే మీట నొక్కిన మరుక్షణం తానే బయట పడతాడు. ఇట్టి వారి కోసమే ఐఎస్ఈలో సేవలను ‘సేఫ్’ రీతిలో ప్రారంభించే ఏర్పాటు కలదు. ఆ రీతిలో ఈ నిబంధన తాత్కాలికంగా పక్కకు తొలగుతుంది. లోపలికి పోయి దోషాన్ని సరిదిద్ది, మామూలు రీతికి తిరిగి రావలెను.

‘పాస్‌వర్డు సరి కాదు’ అన్నప్పుడు మాత్రం విచారణ కొంత లోతుగా సాగవలెను. కీబోర్డులో పెద్దక్షరాల మీట పడి ఉన్నదేమో చూడటం చిన్న పనే గాని, ముందు చేయవలసినది. ఆ తరువాత ఖాతా స్థితి. చాలా సర్వర్లు కొన్ని తప్పు ప్రయత్నాల తరువాత ఖాతాకు తాళం వేస్తాయి. కొన్ని నిర్ణీత దినాలలో పాస్‌వర్డు మార్చకపోతే ఖాతాను స్తంభింపజేస్తాయి. తాళం పడిన ఖాతాపై మళ్ళీ మళ్ళీ ప్రయత్నించటం బురదలో దిగబడిన బండికి ఇంకా జోరుగా కొరడా వేయటం వంటిది. మూడుసార్లు విఫలమైతే చేతులు కీబోర్డు మీద నుండి తీసివేయవలెను. ఒక్కొక్కప్పుడు తాళం పడటానికి కారకుడు మనిషి కూడా కాడు. ఎవరో ఎప్పుడో పాత పాస్‌వర్డుతో వ్రాసి మరచిపోయిన ఒక చిన్న ప్రోగ్రాము ప్రతి రాత్రీ అదే పేరుతో తలుపు తట్టుతూ, తెల్లవారేసరికి ఖాతాకు తాళం వేయిస్తూ ఉంటుంది. రోజ్‌నామ్‌చాలో ప్రయత్నం ఏ చిరునామా నుండి వచ్చినదో చూస్తే ఇది బయటపడుతుంది.

ఆ పైన ‘నన్ను గుర్తుపట్టవలసినది ఎవరు’ అనే ప్రశ్న వస్తుంది. చిన్న సంస్థలో నిర్వాహకుల పేర్లు సర్వరులోనే ఉంటాయి. పెద్ద కర్మాగారంలో అవి యాక్టివ్ డైరెక్టరీ అనే ఉమ్మడి పట్టికలో ఉండి, సర్వరు ఆ పట్టికను అడిగి తెలిసికొంటుంది. ఐఎస్ఈ వంటి వాటి ప్రవేశ పుటపైనే పట్టికను ఎంచుకొనే గడి ఉంటుంది. అక్కడ ‘లోపలి పట్టిక’ ఎంచుకొని డైరెక్టరీ పాస్‌వర్డు కొడితే, సత్యమైన పాస్‌వర్డే అబద్ధమగును. డైరెక్టరీ గుర్తించినప్పటికీ మరొక మెట్టు ఉన్నది. డైరెక్టరీలోని ఏ బృందం సర్వరులోని ఏ అధికారానికి సరిపోవునో ముందుగా జత చేసి ఉండవలెను. ఒక ఉద్యోగిని ఒక విభాగం నుండి మరొక విభాగానికి మార్చినప్పుడు అతని బృందం మారి, మరునాటి నుండి ‘అధికారం లేదు’ అనే మాట వినవలసి వస్తుంది. పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా ఈ చిక్కు విడదు, ఎందుకంటే అతనిని గుర్తుపట్టటంలో సర్వరు ఎక్కడా పొరబడలేదు.

ఇక గడియారం. నెట్‌వర్క్ చిక్కులలో ఇంత తరచుగా అపరాధి అయి, ఇంత తక్కువగా అనుమానించబడేది మరొకటి లేదు. డైరెక్టరీ వాడే కెర్బరోస్ అనే గుర్తింపు పద్ధతిలో రెండు యంత్రాల గడియారాల మధ్య మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను సహించరు. పాత చీటీని దొంగిలించి మళ్ళీ చూపేవాడిని ఆపటానికి ఈ కట్టుబాటు. సెల్‌ఫోనులో వచ్చే ఆరంకెల తాత్కాలిక సంఖ్య సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి మారుతుంది. దాని లెక్క కూడా గడియారం మీదనే ఆధారపడినది. మన దేశంలో దీనికి తోడు ఒక ప్రత్యేకమైన మెలిక ఉన్నది. భారత ప్రామాణిక కాలం అంతర్జాతీయ కాలానికి ఐదున్నర గంటలు ముందు. సర్వరు అంతర్జాతీయ కాలంలో నడుస్తూ ఉండగా, కొత్తగా వచ్చిన సాంకేతికుడు తన చేతి గడియారం చూసి, మండలం మార్చకుండా అంకెలు మాత్రమే దిద్దుతాడు. చూపుకు వేళ సరిపోయినది గాని, సర్వరు దృష్టిలో లోకం ఐదున్నర గంటలు ముందుకు దూకినది. ఆ నిమిషం నుండి డైరెక్టరీ అతని మాట నమ్మదు. కమాండ్ లైనులోనికి పోగలిగితే వేళను, మండలాన్ని, కాలాన్ని అందించే సర్వరుతో సంబంధాన్ని మూడింటినీ కలిపి చూడవలెను. కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో, సంస్థలు తమ యంత్రాల గడియారాలను జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం, జాతీయ భౌతిక ప్రయోగశాల వారి కాల సర్వర్లతో గాని, వాటికి అనుసంధానమైన వాటితో గాని కలపవలెనని ఉన్నది. ప్రవేశ వివరాల వంటి నమోదులను 180 దినాలు భద్రపరచవలెనని కూడా అందులోనే ఉన్నది. గడియారం తప్పైన రోజ్‌నామ్‌చా ఏ విచారణకూ పనికిరాదు గనుక ఈ రెండు నిబంధనలు పక్కపక్కన ఉండటం సహజమే.

గడియారానికి దగ్గరి చుట్టం డిజిటల్ ధ్రువపత్రం. దానిపై ఆరంభ దినం, అంత్య దినం ఉంటాయి. సర్వరుకూ డైరెక్టరీకీ మధ్య రక్షిత మార్గం ధ్రువపత్రంపై నిలిచినప్పుడు, గడువు మీరిన రాత్రి పన్నెండు దాటగానే నిన్నటి వరకు పనిచేసిన పాస్‌వర్డు ఈనాడు పనిచేయదు. ఎవరూ ఏమీ మార్చలేదని అందరూ ప్రమాణం చేస్తారు, అది నిజమే కూడా. గతంలో బహిరంగ సంస్థల ధ్రువపత్రాలు 398 దినాల వరకు చెల్లేవి. 2026 మార్చి 15 నుండి ఈ పరిమితి 200 దినాలకు తగ్గినది. 2029 నాటికి 47 దినాలకు దించవలెనని ఇప్పటికే నిర్ణయం జరిగినది. కనుక ఈ కారణం వలన మూసుకుపోయే తలుపులు రానున్న సంవత్సరాలలో పెరిగేవే గాని తగ్గేవి కావు.

స్విచ్చి తలుపు గురించి కొంత విస్తరించి చెప్పవలెను, ఎందుకంటే దీనిని పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నవారు కూడా తప్పుగా అర్థం చేసికొంటారు. స్విచ్చిలో సామాన్యంగా వ్రాసే ఆజ్ఞ అర్థం ఇది: మొదట టాకాక్స్ సర్వరును అడుగు, ఆ తరువాత నీలోనే ఉన్న స్థానిక పట్టికను చూడు. దీనిని చదివినవారు, సర్వరు ‘కాదు’ అంటే స్విచ్చి తన సొంత పట్టికను చూస్తుందని భావిస్తారు. అది సరి కాదు. సర్వరు ‘కాదు’ అన్నదంటే జవాబు వచ్చినట్లే, కథ అక్కడితో ముగిసినది. సర్వరు నుండి ఏ జవాబూ రానప్పుడు మాత్రమే స్థానిక పట్టిక వంతు వస్తుంది. అందుచేత సర్వరు చచ్చిపోయినప్పుడు సులభంగా లోపలికి పోగలిగే మనిషి, సర్వరు బ్రతికి ఉండి నిరాకరిస్తున్నప్పుడు బయటనే నిలిచిపోతాడు. అనుభవజ్ఞులు అట్టి సందర్భంలో స్విచ్చి వద్దకు స్వయంగా పోయి, దాని కన్సోల్ రంధ్రానికి తీగ తగిలించి, సర్వరు వైపు పోయే తీగను కొద్ది నిమిషాలు ఊడదీసి, జవాబు రాని స్థితిని తామే కల్పించి, స్థానిక పేరుతో ప్రవేశిస్తారు. ఆ కొద్ది నిమిషాలు ఆ స్విచ్చికి చెందిన యంత్రాలన్నీ మూగవోతాయి గనుక, షిఫ్టు అధికారికి చెప్పి, ఆయన అంగీకరించిన వేళ చేయవలెను. స్థానిక పేరు స్విచ్చిలో ఉన్నదా, దాని పాస్‌వర్డు ఎవరికైనా తెలియునా అనేది ముందే చూసి ఉంచుకొనవలసిన సంగతి.

టాకాక్స్ ప్లస్ 49వ పోర్టులోనూ, రేడియస్ 1812, 1813 పోర్టులలోనూ మాట్లాడతాయి. పాత పరికరాలు రేడియస్‌కు 1645, 1646 వాడేవి. ఒకవైపు పాత అంకె, రెండవవైపు కొత్త అంకె ఉంటే ఇద్దరూ వేరువేరు కిటికీల వద్ద నిలబడి ఎదురుచూస్తారు. స్విచ్చికీ సర్వరుకూ మధ్య ఒక రహస్య పదం కూడా ఉమ్మడిగా ఉండవలెను. రేడియస్‌లో సాధారణ పాస్‌వర్డు ఈ రహస్య పదంతోనే మరుగుపరచబడుతుంది. రెండు చోట్ల పదం ఒకటే కాకపోతే, సర్వరు ఆ ముసుగు విప్పగా అర్థం లేని అక్షరాలు బయటపడతాయి, అది ‘పాస్‌వర్డు తప్పు’ అని వ్రాసుకొంటుంది. ఫ్రీరేడియస్‌ను డీబగ్ రీతిలో నడిపితే, పాస్‌వర్డులో ముద్రించరాని అక్షరాలున్నవి, రహస్య పదాన్ని సరిచూసికొనుమని హెచ్చరిస్తుంది. ఈ ఒక్క హెచ్చరిక గంటల శ్రమను తప్పిస్తుంది. స్విచ్చిని మార్చి కొత్తది పెట్టిన మరునాడు ఈ చిక్కు వస్తే మొదట ఇక్కడనే చూడవలెను. ప్రసంగవశాత్తు చెప్పుట, రేడియస్ రక్షణ ఈనాటి దృష్టిలో బలహీనమైనదేనని 2024లో బ్లాస్ట్‌రేడియస్ అనే లోపం బయటపడినప్పుడు మరొకసారి రుజువైనది.

ఇన్ని విచారణల తరువాత నిజంగానే పాస్‌వర్డు పోయినదని తేలితే, తిరిగి స్థాపించే మార్గం ఉన్నది. పుట పాస్‌వర్డు పోతే కమాండ్ లైను నుండి కొత్తది ఇవ్వవచ్చును. ఐఎస్ఈలో దీనికి ఒకే పంక్తి ఆజ్ఞ చాలును. కమాండ్ లైను పాస్‌వర్డు కూడా పోయి ఉంటే, స్థాపన డిస్కుతో యంత్రాన్ని లేపి, అందులోని పాస్‌వర్డు పునరుద్ధరణ అంశాన్ని ఎంచుకొనవలెను. దీనికి యంత్రాన్ని ఆపక తప్పదు. జంట సర్వరు ఉన్నచోట రెండవది భారం మోస్తుంది. ఒకటే ఉన్నచోట దర్బాను లేని ద్వారంగా ఉండే ఆ సమయాన్ని ముందే ప్రకటించవలెను. ఈ పనిలో మరొక సంగతి కూడా దాగి ఉన్నది. యంత్రం వద్దకు చేరగలిగినవాడు ఎవడైనా చివరకు దానికి యజమాని కాగలడు. సర్వరు గది తాళం చెవి మేకుకు వ్రేలాడుతూ ఉన్నంత కాలం పదహారు అక్షరాల పాస్‌వర్డు వలన ప్రయోజనం స్వల్పమే.

కాజీపల్లి వంటి చోట ఈ విషయానికి మామూలు కార్యాలయంలో లేని గౌరవం ఎందుకు ఉండవలెనో ఇప్పుడు చూద్దాము. ఇక్కడి కర్మాగారాలలో పలు మందులు అమెరికాకు ఎగుమతి అవుతాయి. ఆ దేశపు ఎఫ్‌డీఏ వారు 1997లో తెచ్చిన పదకొండవ భాగపు నిబంధనలు, కంప్యూటరులో వ్రాసిన లెక్కకు కాగితంపై దస్తఖత్తుకు ఉన్నంత విలువ ఇచ్చినవి. దస్తఖత్తు ఒకరిదే అయి ఉండవలెను గదా! కనుక ఒక పేరును, పాస్‌వర్డును పలువురు పంచుకొని వాడటం దోషమైనది. 2018 డిసెంబరులో వారు ప్రకటించిన మార్గదర్శక ప్రశ్నోత్తరాలలో, సర్వాధికారాలు గల నిర్వాహకుడు ఆ లెక్కల విషయంలో బాధ్యత గలవారికి వేరైన వ్యక్తి అయి ఉండటం మంచిదని కూడా సూచించినారు. పరీక్ష చేసినవాడే ఫలితాన్ని చెరపగలిగితే ఆ ఫలితానికి విలువ ఏమున్నది? ఆ మాత్ర మింగే రోగి ఎక్కడో దూర దేశంలో ఉన్నాడు. ఆ లెక్కను నమ్మటం తప్ప అతనికి వేరు దారి లేదు.

ఈ దృష్టితో చూస్తే లాగిన్ చిక్కు వచ్చిన రాత్రి ఎదురయ్యే అతి పెద్ద ప్రమాదం సర్వరు నుండి రాదు. అది ఫోనులో వస్తుంది. ‘అన్నా, నీ పాస్‌వర్డు ఒక్కసారి చెప్పు, పొద్దున మార్చుకో’ అని స్నేహితుడు అడుగుతాడు. అతని ఉద్దేశంలో దోషం లేదు, పని ఆగిపోకూడదనే ఆతురత మాత్రమే ఉన్నది. కాని చెప్పిన మరుక్షణం నుండి ఆ రాత్రి రోజ్‌నామ్‌చాలో వ్రాయబడే ప్రతి పంక్తి అబద్ధమగును. ఏ మార్పు ఎవరు చేసినారో తరువాత ఎవరూ నిర్ధారణగా చెప్పలేరు. తన పేరుతో జరిగిన పనికి జవాబు చెప్పవలసినవాడు, ఆ సమయంలో ఇంటివద్ద నిద్రలో ఉన్నవాడగును. కాంట్రాక్టుపై పనిచేసే చిన్న ఉద్యోగికి ఇది కొలువు పోయే సంగతి. ‘చెప్పలేను, అత్యవసర కవరు తెరవండి’ అని అనగలిగే ఏర్పాటు ముందే ఉంటే, అతడు స్నేహితునితో చెడకుండానే నిబంధన నిలుపుకొనగలుగుతాడు.

ఆ కవరు సంగతి కళాశాల పాలకవర్గం వారికి కూడా సంబంధించినదే. మన కళాశాలల ప్రయోగశాలలలోనూ స్విచ్చులున్నవి, వైఫై ఉన్నది, దానిని అమర్చిన గుత్తేదారు వద్దనే సమస్త పాస్‌వర్డులూ ఉండిపోయిన సందర్భాలున్నవి. కమిటీ మారుతుంది, గుత్తేదారు మారుతాడు, అధ్యాపకుడు బదిలీ అవుతాడు, సర్వరు మాత్రం పాత యజమానినే ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంటర్మీడియెట్ ప్రశ్నపత్రాలను పోలీసు ఠాణాలో సీలు వేసి భద్రపరచటం, ఖజానా గదికి రెండు తాళాలు వేసి చెవులను ఇద్దరి వద్ద ఉంచటం మనకు తెలిసిన పద్ధతులే. సర్వరుకు కూడా అదే చేయవలెను. డైరెక్టరీ మీద గాని, ధ్రువపత్రం మీద గాని ఆధారపడని ఒక స్థానిక అత్యవసర ఖాతాను సృష్టించి, దాని దీర్ఘమైన పాస్‌వర్డును చేతితో కాగితంపై వ్రాసి, కవరులో పెట్టి, అతుకుపై ఇద్దరు సంతకం చేసి, ప్రిన్సిపాలు గది బీరువాలో ఉంచవలెను. కంప్యూటరులో వ్రాసి దాచటం సరి కాదు, తలుపు మూసుకొన్నప్పుడు ఆ కంప్యూటరు కూడా తలుపు అవతలనే ఉండవచ్చును. కవరు తెరిచినవారు తేదీ, వేళ, కారణం ఒక పుస్తకంలో వ్రాయవలెను. పని ముగియగానే పాస్‌వర్డు మార్చి కొత్త కవరు పెట్టవలెను. ఆ ఖాతా వాడినప్పుడెల్లా ఇద్దరు ముగ్గురికి తనంతట తానే సమాచారం పోయేటట్లు సర్వరులో అమర్చటం కూడా సాధ్యమే.

మార్పులు చేసేవారికి మరి రెండు అలవాట్లు ఉపకరిస్తాయి. ప్రవేశానికి సంబంధించిన ఏ నిబంధననైనా మార్చేటప్పుడు, ఇదివరకే లోపల ఉన్న ఒక కిటికీని మూయకుండా ఉంచి, వేరొక కిటికీ నుండి కొత్తగా ప్రవేశించి చూడవలెను. అది సఫలమైన తరువాతనే మొదటిది మూయవలెను. స్విచ్చిలో అయితే, మార్పునకు ముందు ‘పది నిమిషాల తరువాత నీవే పునఃప్రారంభం కమ్ము’ అనే ఆజ్ఞ ఇచ్చి ఉంచవచ్చును. మార్పు సక్రమమైతే ఆజ్ఞను రద్దు చేసి, మార్పును భద్రపరుస్తాము. తప్పి బయట పడితే, పది నిమిషాలలో స్విచ్చి భద్రపరచని మార్పులను మరచి పాత స్థితిలో మేల్కొంటుంది, మనం మళ్ళీ లోపలికి పోగలుగుతాము.

సంవత్సరానికి రెండుసార్లు, సెలవు దినాన, ఆ సీలు కవరును తెరిచి అందులోని పాస్‌వర్డుతో నిజంగా లోపలికి పోగలమో లేదో చూసి, కొత్త కవరు పెట్టవలెను. ఈ పరీక్షకు పట్టే సమయం అరగంట. వేసవి సెలవులకు ముందు ఒకసారి, దసరా సెలవులలో ఒకసారి పెట్టుకొంటే, తేదీ ఎవరూ ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకొనవలసిన పని ఉండదు.